రిపీటర్ పెట్టాక మోడ్‌బస్ టైమౌట్లు: యాంటెన్నా లేపకండి, ముందు మిల్లీసెకన్లు లెక్కపెట్టండి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను, ఎక్కడైనా తేడా ఉంటే సరిదిద్దండి. పంప్‌హౌస్‌లో పీఎల్‌సీ (పంపును నడిపే కంట్రోలర్) మాస్టర్, అంటే ప్రశ్నలు అడిగేది. ఆరు ఊళ్ల ఓవర్‌హెడ్ ట్యాంకుల దగ్గర ఒక్కో ఆర్‌టీయూ, అంటే లెవెల్ లాంటివి చదివి, అడిగితే చెప్పే పెట్టె (స్లేవ్). వాటి మధ్య భాష మోడ్‌బస్ ఆర్‌టీయూ ప్రోటోకాల్ (ఇక్కడ ఆర్‌టీయూ ప్రోటోకాల్ రకం పేరు, ఆ పెట్టె కాదు), 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు), 8ఎన్1 (8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్). అన్నిచోట్లా 865 మెగాహెర్ట్జ్ రేడియో మోడెమ్‌లు, గాలిలో కూడా 9600 వేగమే. పంప్‌హౌస్‌కి నేరుగా కనిపించే 1, 2 ట్యాంకులు మొదటినుంచీ బాగానే నడిచాయి. గుట్ట అవతల ఉన్న మిగతా నాలుగింటి కోసం గుట్ట మీద రిపీటర్ పెట్టించారు. అప్పటినుంచి ఆ నాలుగూ ఒకసారి వస్తాయి, ఒకసారి రావు. పైగా ఏ గొడవా లేకుండా నడిచిన మొదటి రెండూ కూడా తిక్కతిక్కగా చేస్తున్నాయి. సిగ్నల్ మైనస్ 80 డీబీఎం చూపిస్తోంది (ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). మాస్టర్‌లో టైమౌట్ (జవాబు కోసం ఆగే సమయం) 250 మిల్లీసెకన్లు, రీట్రైలు (జవాబు రాకపోతే మళ్లీ అడగడం) 3. సప్లయర్ మాత్రం యాంటెన్నా ఇంకో రెండు మీటర్లు లేపమంటున్నాడు.

లేపొద్దు. 9600 వేగంతో పనిచేసే మామూలు రేడియో మోడెమ్ మైనస్ 105 దాకా వింటుంది. మీకు ఇంకా 25 డీబీ మిగులుంది, అది పుష్కలం. సిగ్నల్ బాగుండి డేటా రాకపోతే తప్పు గాలిలో ఉండటం అరుదు. మీ కేసులో తప్పు ఆ 250 అనే అంకెలో ఉంది. రెండోది రిపీటర్ సెట్టింగ్‌లో ఉంది. విడివిడిగా చూద్దాం.

రిపీటర్ అనగానే చాలామంది దాన్ని సిగ్నల్ పెంచే ఆంప్లిఫైయర్ అనుకుంటారు. మీరు పెట్టినది అది కాదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే స్టోర్ అండ్ ఫార్వర్డ్ రిపీటర్ అది. వచ్చిన ప్యాకెట్‌ను చివరి బైట్ దాకా విని, లోపల దాచుకుని, ఆ తర్వాతే మళ్లీ పంపుతుంది. వింటున్నప్పుడు మాట్లాడలేదు, మాట్లాడుతున్నప్పుడు వినలేదు. కాబట్టి దూరం పెరిగిన దానికి ధర సమయంలో కట్టాలి. ఎంత కట్టాలో లెక్కేద్దాం.

మీ పీఎల్‌సీ మొదటి ట్యాంకును 8 రిజిస్టర్లు (ఒక్కోటి రెండు బైట్ల విలువ ఉండే గడి) అడుగుతుందనుకోండి. ఫ్రేమ్ ఇలా ఉంటుంది: 01 03 00 00 00 08, చివర రెండు సీఆర్‌సీ బైట్లు (దారిలో డేటా చెడిపోలేదని సరిచూసేవి). మొత్తం 8 బైట్లు. జవాబులో స్లేవ్ ఐడీ (ఆర్‌టీయూ నంబరు), ఫంక్షన్ కోడ్ (ఏం పనో చెప్పేది), బైట్ల సంఖ్య, 16 డేటా బైట్లు, 2 సీఆర్‌సీ, అంటే 21 బైట్లు. 9600 దగ్గర 8ఎన్1లో ఒక బైట్‌కి 10 బిట్లు, అంటే కాస్త అటూఇటూగా ఒక మిల్లీసెకను.

ఇప్పుడు దారి పొడుగునా నడవండి. పీఎల్‌సీ నుంచి మోడెమ్‌లోకి వైరు మీద 8 మిల్లీసెకన్లు. ఫ్రేమ్ అయిపోయిందని మోడెమ్‌కి తెలియాలంటే కొంత నిశ్శబ్దం కావాలి. మోడ్‌బస్‌లో అది మూడున్నర అక్షరాల సమయం, ఇక్కడ దాదాపు 4 మిల్లీసెకన్లు. మోడెమ్ టైమర్‌తో కలిపి 5 అనుకోండి. గాలిలో డేటాకి 8, దాని ముందు వెళ్లే ప్రీయాంబుల్, హెడర్ వగైరాకి ఓ 20, మొత్తం 28. ఆర్‌టీయూ వైపు వైరు మీద మళ్లీ 8. ఆర్‌టీయూ ఆలోచించుకోవడానికి ఓ 50. తిరుగు ప్రయాణంలో వైరు మీద 22, నిశ్శబ్దం 5, గాలిలో 42, మళ్లీ వైరు మీద 22. అన్నీ కూడితే 190 మిల్లీసెకన్లు. రిపీటర్ లేకుండా మీ 1, 2 ట్యాంకులు 250 టైమౌట్‌తో ఎందుకు హాయిగా నడిచాయో తెలిసిపోయింది కదా.

రిపీటర్ పెట్టాక గాలిలో ప్రయాణం రెండుసార్లు. వెళ్లేటప్పుడు ఇంకో 28, వచ్చేటప్పుడు ఇంకో 42. వినడం నుంచి పంపడానికి మారేటప్పుడు రిపీటర్ తీసుకునే టైమ్ ఒక్కోవైపు 10 అనుకుందాం. మొత్తం 280 అయింది. మీ మాస్టర్ 250 దగ్గరే చేతులెత్తేస్తోంది. ఆర్‌టీయూ ఒక్కోసారి 50 బదులు 15 మిల్లీసెకన్లకే బదులిస్తే జవాబు 245కి వచ్చి బతికిపోతుంది. అదే మీరు చూస్తున్న ‘ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు’. వర్షానికీ, ఎండకీ, గాలికీ సంబంధం లేదు. ఇందులో 20, 10, 50 నేను వేసుకున్న అంకెలు. మీ మోడెమ్ మాన్యువల్‌లో అసలు అంకెలుంటాయి, వాటితో మళ్లీ లెక్కేయండి. వచ్చిన దాన్ని రెండింతలు చేసి, కొంచెం పైకి సవరించి టైమౌట్‌గా పెట్టండి. మీకైతే 700 నుంచి 1000 మధ్య పెట్టమంటాను.

టైమౌట్ తక్కువ పెడితే డేటా రాకపోవడం ఒక్కటే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. 250కి మాస్టర్ విసిగిపోయి రీట్రై పంపుతుంది. సరిగ్గా అదే సమయానికి పాత జవాబు గుట్ట మీదినుంచి దిగివస్తూ ఉంటుంది. రెండూ గాలిలో గుద్దుకుంటే రెండూ పోతాయి. గుద్దుకోకపోతే ఇంకా ఘోరం. మోడ్‌బస్ ఆర్‌టీయూ జవాబులో ‘నేను ఫలానా ప్రశ్నకు జవాబును’ అని చెప్పే నంబరేమీ ఉండదు. స్లేవ్ ఐడీ, ఫంక్షన్ కోడ్, ఎన్ని బైట్లు, అంతే. ఏ రిజిస్టర్ నుంచి చదివిందో కూడా ఉండదు. మీరు ఒకే ట్యాంకును రెండు ప్రశ్నల్లో అడుగుతూ, రెండింటిలోనూ 8 రిజిస్టర్లే ఉన్నాయనుకోండి. మొదటి ప్రశ్నకి ఆలస్యంగా వచ్చిన జవాబును మాస్టర్ రెండో ప్రశ్నకి జవాబుగా తీసేసుకుంటుంది. సీఆర్‌సీ కరెక్టే, ఐడీ కరెక్టే, ఎర్రర్ కౌంటర్ కదలదు. స్క్రీన్ మీద మాత్రం ట్యాంక్ లెవెల్ గడిలో ఫ్లోమీటర్ అంకె కూర్చుంటుంది. ‘అప్పుడప్పుడు లెవెల్ ఉన్నట్టుండి గెంతుతోంది సార్, సెన్సర్ మార్చేశాం’ అని చెప్పేవాళ్లు చాలామంది తగిలారు నాకు. సెన్సర్ మార్చేముందు టైమౌట్ చూసుంటే ఆ ఖర్చు మిగిలేది. వీలైతే ఒక ట్యాంకుకి ఒకే ప్రశ్న పెట్టుకోండి. కావలసిన విలువలన్నీ ఆర్‌టీయూలో వరుస రిజిస్టర్లలోకి సర్దితే సరిపోతుంది.

ఇక 1, 2 ట్యాంకుల తిక్క సంగతి. అవి పంప్‌హౌస్‌కీ కనిపిస్తాయి, గుట్ట మీది రిపీటర్‌కీ కనిపిస్తాయి. మాస్టర్ అడిగిన ప్రశ్న వాటికి రెండుసార్లు చేరుతుంది: ఒకటి నేరుగా, ఇంకొకటి రిపీటర్ తిరగచెప్పినది. ఆర్‌టీయూ మొదటి ప్రశ్నకి బదులిస్తూ ఉండగానే రిపీటర్ అదే ప్రశ్నను మళ్లీ గాలిలోకి వదులుతుంది. అవి గుద్దుకునే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా తప్పించుకుంటే రెండో ప్రశ్నకీ జవాబు వస్తుంది, అప్పటికి మాస్టర్ వేరే ట్యాంకుతో మాట్లాడుతూ ఉంటుంది. అంటే రిపీటర్ అవసరమే లేని స్టేషన్లను రిపీటరే చెడగొడుతోంది.

దీనికి పద్ధతైన వైద్యం, ఎవరూ ఎవర్నీ నేరుగా వినకుండా చేయడం. మోడెమ్‌లో పంపే ఫ్రీక్వెన్సీ, వినే ఫ్రీక్వెన్సీ వేరువేరుగా పెట్టే వీలుంటే, పంప్‌హౌస్, ఆరు ట్యాంకులు అన్నీ మొదటి ఫ్రీక్వెన్సీలో పంపి రెండో దానిలో వింటాయి. రిపీటర్ ఒక్కటే తిరగేసి, మొదటి దానిలో విని రెండో దానిలో పంపుతుంది. అప్పుడు 1, 2 ట్యాంకులు కూడా గుట్ట మీదుగానే వెళ్లాలి, వాటికీ 280 పడుతుంది. పర్లేదు, అందరికీ ఒకే లెక్క ఉండటమే మేలు. మీ మోడెమ్‌లో ఆ వీలు లేకపోతే నెట్‌వర్క్ ఐడీలతో చేయొచ్చు. పంప్‌హౌస్‌కి ఒక ఐడీ, గుట్ట అవతలివాటికి ఇంకో ఐడీ, ఆ రెండింటి మధ్య అటుదిటు ఇటుదటు చేర్చే పని రిపీటర్‌ది. చాలా లోరా మోడెమ్‌ల (నెమ్మదిగా పంపి ఎక్కువ దూరం చేరే రకం రేడియోలు) రిలే మోడ్ ఇలాగే పనిచేస్తుంది. ఈ పద్ధతిలో 1, 2 ట్యాంకులకు పంప్‌హౌస్ ఐడీయే ఇవ్వండి. నేరుగా మాట్లాడతాయి, రిపీటర్ తిరగచెప్పినది వేరే ఐడీలో ఉంటుంది గనక పట్టించుకోవు. అయితే ఛానల్ ఒకటే కాబట్టి రిపీటర్ ప్రసారం వాటి జవాబు మీద పడే అవకాశం ఇంకా ఉంటుంది. రెండు ఫ్రీక్వెన్సీల పద్ధతినే ముందు చూడమనడానికి కారణం అదే.

మోడెమ్ అడ్రస్ వేరు, మోడ్‌బస్ స్లేవ్ ఐడీ వేరు. మీరు పెట్టిన ఫొటోలో మోడెమ్ మీద, ఆర్‌టీయూ మీద రెండింటికీ స్టిక్కర్‌లో ‘3’ అని ఒకే అంకె ఉంది. అలా ఉంటే తప్పేం లేదు గానీ, కొత్తగా వచ్చిన ఆపరేటర్ ఒకటి మార్చబోయి ఇంకోటి మారుస్తాడు. రేడియో ఐడీలను 101 నుంచి మొదలుపెట్టండి, ఆ గందరగోళం పోతుంది.

సీరియల్ బాడ్ రేటుకీ, గాలిలో వేగానికీ ఉన్న తేడా కూడా ఇక్కడే చెప్పేస్తాను. సీరియల్ బాడ్, పారిటీ అనేవి మోడెమ్‌కీ దాని పక్కనున్న యంత్రానికీ మధ్య ఒప్పందం. పంప్‌హౌస్‌లో 19200, ట్యాంక్ దగ్గర 9600 ఉన్నా చాలా మోడెమ్‌లకు ఇబ్బంది లేదు. గాలిలో వేగం, ఛానల్ మాత్రం అన్నిటికీ ఒకేలా ఉండాలి. పారిటీ (తప్పు పట్టడానికి ప్రతి బైట్‌కీ కలిపే అదనపు బిట్) దగ్గర జాగ్రత్త. మోడ్‌బస్ ప్రమాణం ప్రకారం డిఫాల్ట్ ఈవెన్ పారిటీ. కొన్ని ఎనర్జీ మీటర్లు, ఫ్లోమీటర్లు 8ఈ1తోనే వస్తాయి, మోడెమ్ 8ఎన్1లో ఉంటే కథ అక్కడే ఆగిపోతుంది.

‘రేంజ్ పెరుగుతుంది, వేగం తగ్గించేయండి’ అనే సలహా మీకు ఎవరో ఇచ్చారట. లోరా మోడెమ్ అయితే ఆ మాట నిజమే, రేంజ్ పెరుగుతుంది. దానికి కట్టే ధర చూడండి. అన్నిటికంటే నెమ్మది సెట్టింగ్ ఎస్‌ఎఫ్12, 125 కిలోహెర్ట్జ్‌లో 8 బైట్ల ప్రశ్న గాలిలో దాదాపు ఒక సెకను ఉంటుంది. 21 బైట్ల జవాబు ఒకటిన్నర సెకను. రిపీటర్ మీదుగా రానూపోనూ కలిపి గాలిలోనే 5 సెకన్లు. ఆరు ట్యాంకులకి అర నిమిషం. మైనస్ 80 సిగ్నల్ చేతిలో పెట్టుకుని ఆ పని చేయడం వృథా.

ప్యాకెట్ సైజు కూడా చూసుకోండి. కొన్ని చవక లోరా మోడెమ్‌లలో ఒక ప్యాకెట్‌కి 58 బైట్లే పడతాయి. జవాబు అంతకు మించితే రెండు ముక్కలై, మధ్యలో ఖాళీతో బయటికొస్తుంది. ఆ ఖాళీ మూడున్నర అక్షరాలు దాటితే మాస్టర్ ఫ్రేమ్ అయిపోయిందనుకుని చెత్తలో పడేస్తుంది. 58లో 5 బైట్లు మోడ్‌బస్ సొంత ఖర్చుకి పోతే 53, అంటే ఒకసారికి 26 రిజిస్టర్లు. నేనైతే 20 దాటనివ్వను.

మోడెమ్‌ను పక్కనున్న యంత్రానికి కలిపే ఆర్‌ఎస్-485 వైరింగ్ గురించి అందరికీ తెలిసిందే, పెద్దగా చెప్పను. ఏ, బీ అక్షరాలను నమ్మకండి, కంపెనీకో రకంగా రాస్తారు. రాకపోతే తిరగేసి చూడండి, ఏమీ కాలిపోదు. మోడెమ్‌కీ ఆర్‌టీయూకీ మధ్య ఒకే ప్యానెల్‌లో అడుగు వైరు ఉంటే 120 ఓమ్‌ల టెర్మినేషన్ అక్కర్లేదు. బయాస్ (ఖాళీ లైనును ఒక స్థితిలో నిలిపి ఉంచే రెసిస్టర్లు) మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాలి. అది లేకపోతే లైను ఖాళీగా ఉన్నప్పుడు అటూఇటూ ఊగి, జవాబుకి ముందు ఒక దొంగ 00 బైట్ పుడుతుంది, సీఆర్‌సీ పోతుంది. ల్యాప్‌టాప్‌లో హెక్స్ చూస్తే వెంటనే దొరికిపోయే రోగం ఇది. పంప్‌హౌస్‌లో వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) ఉంటే డేటా వైరును మోటార్ కేబుల్ పక్కనే అదే ట్రేలో లాగొద్దు.

గుట్ట మీది సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడికి పదేపదే ఎక్కలేం. మీరు 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ, చిన్న సోలార్ ప్యానెల్ పెట్టామన్నారు. అది సరిపోతుందా లేదా అన్నది రిపీటర్ చేతిలో లేదు, మాస్టర్ ఎంత తరచుగా అడుగుతోందన్న దాని మీద ఉంది. మోడెమ్ వినేటప్పుడు 50 మిల్లీఆంపులు, పంపేటప్పుడు 600 తీసుకుంటుందనుకుందాం. మాస్టర్ ఊపిరాడకుండా వరసగా అడుగుతూ ఉంటే ప్రతి 280 మిల్లీసెకన్లలో 70 రిపీటర్ పంపుతూనే ఉంటుంది. పావు వంతు సమయం. సగటున 190 మిల్లీఆంపుల దాకా, రోజుకి నాలుగున్నర ఏహెచ్. అదే ఆరు ట్యాంకులనీ 30 సెకన్లకోసారి అడిగితే పంపే సమయం ఒకటిన్నర శాతం కూడా ఉండదు, రోజుకి 1.4 ఏహెచ్‌తో సరి. శ్రావణంలో మూడు రోజులు ముసురు పడితే మొదటి లెక్కకి 13 ఏహెచ్ దాటుతుంది, మీ బ్యాటరీ రెండో రోజే పడిపోతుంది. రెండో లెక్కకి 4 పైచిలుకు, గట్టెక్కుతారు.

30 సెకన్లు ఎక్కువని అనిపిస్తే ట్యాంకు వైపు నుంచి చూడండి. 60 వేల లీటర్ల ట్యాంకులోకి నిమిషానికి 500 లీటర్లు పడుతుంటే 30 సెకన్లలో వచ్చేది 250 లీటర్లు. అర శాతం కూడా కాదు. లెవెల్ సెన్సరే అంత కచ్చితంగా చూపించదు. సెకనుకోసారి అడగడం వల్ల స్క్రీన్ మీద అంకెలు చకచకా మారుతుంటే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకి బాగుంటుందేమో గానీ, ఇంకెవరికీ ఉపయోగం లేదు. అలాగే ఒక ట్యాంకు కరెంటు పోయి చచ్చి ఉంటే, ఒక సెకను టైమౌట్‌తో మూడు రీట్రైలు కలిపి నాలుగు సెకన్లు దాని దగ్గరే తగలేస్తారు. రీట్రైలు ఒకటికి తగ్గించండి. వరసగా మూడు రౌండ్లు పలక్కపోతే దాన్ని పక్కనపెట్టి ఐదు నిమిషాలకోసారి పలకరించేలా పీఎల్‌సీలో రాసుకోండి.

మన రాతిగుట్టల మీద అసలు శత్రువులు కోతులు. కేబుల్ వేలాడితే పీకేస్తాయి. జీఐ పైపులోంచి లాగండి, కనెక్టర్‌కి నీళ్లు పోకుండా సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్ చుట్టండి. రాయిలో ఎర్తింగ్ సరిగా దొరకదు, పిడుగులకి అదే పెద్ద సమస్య. కింద మట్టి ఉన్నచోటి దాకా స్ట్రిప్ లాగించాల్సిందే. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి సుమారు అర డీబీ తినేస్తుంది. పది మీటర్లు దాటితే ఎల్‌ఎంఆర్-400 లాంటి మందపాటిది వాడండి, అందులో నష్టం దాదాపు నాలుగో వంతే. రిపీటర్‌కి ఓమ్ని (అన్ని దిక్కులకూ పంపే యాంటెన్నా), ట్యాంకుల దగ్గర యాగీ (ఒకే దిక్కుకి గురిపెట్టేది). యాగీ కడ్డీలు నిలువుగా ఉండాలి, అడ్డంగా బిగిస్తే ఓమ్నితో పొత్తు కుదరక సిగ్నల్ బాగా పడిపోతుంది.

కంటికి కనిపిస్తే చాలనుకోవద్దని కూడా చెప్పాలి. 8 కిలోమీటర్ల లింకుకి 866 మెగాహెర్ట్జ్‌లో మధ్యలో ఫ్రెనెల్ జోన్ (చూపు గీత చుట్టూ రేడియో తరంగానికి ఖాళీగా కావలసిన చోటు) వ్యాసార్థం 26 మీటర్లు. అందులో 60 శాతం, అంటే చూపు గీతకి కింద ఓ 16 మీటర్లు ఖాళీగా ఉండాలి. మధ్యలో తాటితోపు ఉంటే ఇది ఆలోచించుకోవాల్సిందే.

చట్టం మాట ఒక్కటి. మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని ఈ బ్యాండ్ 2005లో 865–867గా ఇచ్చారు, 2021లో 868 దాకా పెంచారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, యాంటెన్నాతో కలిపి ఈఆర్‌పీ (గాలిలోకి నిజంగా వెళ్లే పవర్ లెక్క) 4 వాట్లు, బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. పూర్తి ఒక వాట్ పెట్టి పెద్ద యాగీ బిగిస్తే ఈ పరిమితి దాటిపోతారు, పవర్ తగ్గించుకోండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 915 మోడెమ్‌లు అమెరికా కోసం చేసినవి. మనకి ఆ చుట్టుపక్కల ఉన్నది సెల్‌ఫోన్ కంపెనీల స్పెక్ట్రమ్.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర రాస్తున్నాను, మీ రెండో పోస్టు చూశాక. పంప్ ఆన్, ఆఫ్ కూడా ఇదే లింకు మీద, ఒకే బిట్‌ని టోగుల్ చేస్తూ నడుపుతున్నామన్నారు. ఇవాళే మార్చేయండి. రీట్రై వల్లనో, రిపీటర్ వల్లనో ఒకే కమాండ్ రెండుసార్లు చేరితే పంప్ ఆన్ అయి వెంటనే ఆఫ్ అవుతుంది, లేదా ఆగాల్సింది మళ్లీ తిరుగుతుంది. ‘ఆన్’కి 1, ‘ఆఫ్’కి 0 అని విలువ రాయండి, ఎన్నిసార్లు చేరినా ఫలితం ఒకటే ఉంటుంది. పంప్ తిరుగుతుండగా ట్యాంక్ లెవెల్ ఐదు నిమిషాలపాటు కొత్తగా రాకపోతే పంప్ దానంతటదే ఆగేలా పీఎల్‌సీలో టైమర్ పెట్టండి. లింకు తెగినప్పుడు స్క్రీన్ మీద పాత లెవెలే నిలబడి కనిపిస్తుంది, ఆపరేటర్ దాన్నే నమ్ముతాడు, అటు ట్యాంక్ పొంగి ఊరి రోడ్డంతా నీళ్లవుతుంది.

పని ఈ వరసలో చేయండి. ఇవాళ టైమౌట్ 1000, రీట్రై 1, పోలింగ్ 30 సెకన్లు పెట్టి రాత్రంతా వదిలేయండి. గుట్ట ఎక్కకుండానే గుట్ట అవతలి నాలుగూ దారికి రావాలి. 1, 2 ఇంకా తిక్కగానే ఉంటే అప్పుడు ఫ్రీక్వెన్సీలు విడదీయండి. ఆ మార్పును ముందు మూడు మోడెమ్‌లు టేబుల్ మీద పెట్టి చేసి చూడండి. పవర్ కనిష్ఠానికి తగ్గించి, వీలైతే యాంటెన్నాల బదులు డమ్మీ లోడ్లు బిగించండి. పక్కపక్కన పూర్తి పవర్‌తో పెడితే రిసీవర్ దెబ్బతినొచ్చు. ల్యాప్‌టాప్‌తో టెస్ట్ చేసేటప్పుడు యూఎస్‌బీ కన్వర్టర్ కూడా కొంత ఆలస్యం కలుపుతుందని గుర్తుంచుకోండి. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నవాటిలో లేటెన్సీ టైమర్ డిఫాల్ట్‌గా 16 మిల్లీసెకన్లు ఉంటుంది.

అప్పటికీ ఏదైనా ట్యాంకు మొండికేస్తే, ఆ ఒక్క ట్యాంకునే అడుగుతూ ఓ పది నిమిషాల హెక్స్ లాగ్, రెండు వైపులా ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (మోడెమ్ చూపించే సిగ్నల్ బలం), మోడెమ్ సెట్టింగుల స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.